పీణ్య వీధి: పెంకుటింటి నుంచి వఠారం దాకా

బెంగుళూరుకు వాయవ్యాన, తుమకూరు రోడ్డు పక్కనున్న పీణ్య అనగానే లేతు మిషన్లూ, వెల్డింగు మెరుపులూ, గార్మెంట్ ఫ్యాక్టరీలూ గుర్తొస్తాయి. పారిశ్రామికవాడకు తన పేరిచ్చిన పాత ఊరిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆ ఊరి వీధుల వెంట నడిస్తే అక్కడక్కడా మిగిలిన మంగుళూరు పెంకుటిల్లు, దాని పక్కనే రేకుల గదుల వరస, ఆపైన మూడు నాలుగంతస్తుల అద్దె మేడ కనిపిస్తాయి. డబ్బాశ కొద్దీ పాత ఇళ్లు పడగొట్టారని తేల్చేయడం సులువే. కానీ ఇక్కడి ఇళ్ల రూపాన్ని ఇంటివాళ్ల అభిరుచి కంటే పారిశ్రామికవాడ పటంలో వదిలేసిన ఒక లోటే ఎక్కువగా నిర్ణయించిందని నా నమ్మకం.

పొరుగునే ఉన్న జాలహళ్లిని చూస్తే ఆ లోటు తెలుస్తుంది. 1953లో అక్కడికొచ్చిన హెచ్‌ఎంటీ, 1954లో వచ్చిన బీఈఎల్ వంటి పెద్ద ప్రభుత్వరంగ సంస్థలు తమ ఉద్యోగులకు కాలనీలు కట్టించాయి. అంతకంటే చాలా ముందే కోలారు బంగారు గనుల్లో జాన్ టేలర్ కంపెనీ సైతం కూలీలకు ఇరుకువే అయినా ఇళ్ల వరసలు వేసింది. 1970ల్లో రూపుకట్టిన పీణ్య అలాంటిది కాదు. అది వేలాది చిన్న పరిశ్రమల గుంపు. పది మందితో షెడ్డు నడిపే యజమాని కాలనీ ఎక్కడ కట్టగలడు? ప్రభుత్వ సంస్థలు రైతుల పొలాలు సేకరించి ప్లాట్లుగా, షెడ్లుగా ఇచ్చాయి. ఆ షెడ్లలో పనిచేసేవాళ్లు రాత్రికి ఎక్కడ తలదాచుకుంటారన్న ప్రశ్న ఊరికి వదిలేశాయి. పొలం పోయిన కుటుంబానికి మిగిలిన ఆస్తి ఇల్లూ పెరడే. సేద్యం లేనిచోట పశువుల కొట్టం ఎందుకు? ఆ జాగాలో గది వేస్తే నెలనెలా అద్దె వస్తుంది. పంట రాబడి పోయిన చోట అద్దె రాబడి వచ్చి కూర్చుంది. అందుకే ఒంటిగదులు, ఉమ్మడి నడవా, ఉమ్మడి కుళాయి ఉన్న వఠారం ఇక్కడ ఇంత పాతుకుపోయింది.

భూమి ధర పెరిగితే ఏ ఊళ్లోనైనా ఇళ్లు మారతాయి కదా అనవచ్చు. మారతాయి, అయితే ఒకే తీరుగా కాదు. బెంగుళూరులోనే 1898 ప్లేగు తరువాత నిండిన మల్లేశ్వరంలో పాత బంగళా పోతే సాధారణంగా అమ్మకానికి అపార్ట్‌మెంటు లేస్తుంది. పీణ్యలో పెరటి గోడ పోతే అద్దెగదులు లేస్తాయి. ధర ఎంత పెరిగిందన్నది రెండుచోట్లా ఒకే లెక్క కావచ్చు; ఎవరికోసం కడుతున్నారన్నదే రూపాన్ని తేల్చేది. మార్పంతా మెట్రో తెచ్చిందనే మాట కూడా నిలవదు. పీణ్య ఇండస్ట్రీ స్టేషను దాకా రైలు వచ్చింది 2014 మార్చిలో. అది గదుల అద్దె పెంచి ఉండవచ్చు గానీ, వఠారాలను పుట్టించింది అంతకుముందే షిఫ్టులకు నడిచి వెళ్లిన కార్మికుల అవసరం.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది: గాలీ వెలుతురూ లేని గదులను ఇలా వెనకేసుకు రావచ్చా? రాకూడదు. ఎలక్ట్రోప్లేటింగు వ్యర్థాలతో ఇక్కడి భూగర్భజలం క్రోమియం పాలైంది. కాబట్టి బోరుంటే చాలనుకునే వీల్లేదు. కావేరి నీటికీ ట్యాంకరుకూ ఎదురుచూస్తూ ఎన్ని కుటుంబాలు ఒక సంపు మీద ఆధారపడతాయన్నది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. అయితే ఆ తప్పును ఒక్క ఇంటి యజమానుల ఖాతాలోనే వేయలేం. 2007లో ఈ ప్రాంతపు దాసరహళ్లి పురపాలిక బృహత్ బెంగుళూరు మహానగర పాలికెలో కలిసేనాటికే ఈ ఇరుకు స్థిరపడింది. వలస కార్మికులకు అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని కేంద్రం ప్రకటించింది 2020లో, కొవిడ్ లాక్‌డౌన్ వాళ్లను రోడ్డున నడిపించాక. పరిశ్రమకు ప్లాటు కేటాయించిన రోజునే కార్మికుడి ఇంటికీ జాగా గీసి ఉంటే, పాత పెంకుటిళ్లలో కొన్నింటికైనా ఇంత బరువు మోయాల్సివచ్చేది కాదు.