హుగ్లీ నది అడుగున రైలుబాట

కోల్‌కతా నగరం రాతినేలపై వెలసినది కాదు. గంగ యుగాలుగా మోసుకొచ్చి పరచిన ఒండ్రుపై, మెత్తని బంకమన్నుపై నిలిచినది. కొద్ది అడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. ఇటువంటి నేలను తొలిచి రైలు నడపాలన్న ఊహ వలసపాలన నాటిదే. హౌరాను, కలకత్తాను నది అడుగుగా కలిపే పథకాన్ని 1921లో హార్లే డాల్‌రింపుల్-హే అనే ఆంగ్ల ఇంజనీరు రూపొందించాడు. ధనాభావంవల్ల అది కాగితాలకే పరిమితమైంది. అయితే ఆయనే రూపకల్పన చేసిన మరొక సొరంగం 1931 నాటికి హుగ్లీ కింద పూర్తయింది. అది విద్యుత్ తీగల కోసం. ఆ విధంగా మనుషులకంటె ముందు విద్యుత్తు నదిని దాటింది.

1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ భూగర్భ రైలుకు శంకుస్థాపన గావించారు. డమ్‌డమ్ నుండి టాలీగంజ్ వరకు మార్గం. వీధిని తవ్వి, గోడలు కట్టి, పైన కప్పువేసి మళ్ళీ పూడ్చడమే ప్రధాన పద్ధతి. చెప్పినంత సులభం కాదు. ఇరుకైన కందకం తవ్వుతూనే, అంచులు కూలకుండా బెంటోనైటు కలిపిన చిక్కని ద్రవంతో నింపేవారు. అందులోకి ఇనుప చట్రం దింపి, అడుగు నుండి కాంక్రీటు పోస్తే ద్రవం పైకి నెట్టుకొచ్చేది. గోడలు గట్టిపడిన పిదపనే నడుమ మట్టి తీసేవారు. బేల్గాచియా, శ్యాంబజార్ మధ్య పైన రైల్వే యార్డు, కాలువ ఉన్నందున అక్కడ మాత్రం పీడనంతో కూడిన గాలి సాయంతో సొరంగమే తొలిచారు. 1984 అక్టోబరు 24న తొలి రైలు ఎస్ప్లనేడ్, భవానీపూర్ మధ్య నడిచింది. మార్గమంతా పూర్తయ్యేసరికి 1995 వచ్చింది. ఈ జాప్యాన్ని మావంటి ఉద్యోగులు దస్త్రాలలో 'నిధుల కొరత' అన్న రెండు మాటలతో ముగిస్తాము. తవ్విన వీధుల పక్కన ఏళ్ళ తరబడి బురదలో నడిచిన నగరవాసికి అది రెండు మాటల సంగతి కాదు.

నదిని దాటడం 2017లో జరిగింది. రచన, ప్రేరణ అని పేరుపెట్టిన రెండు యంత్రాలు సుమారు 520 మీటర్ల నదీగర్భాన్ని నిర్విఘ్నంగా తొలిచాయి. అందరూ భయపడినది నదిని గురించే. ముప్పు మాత్రం వీధి కింద పొంచి ఉంది. 2019 ఆగస్టు 31న బౌబజార్ అడుగున యంత్రం నీటిపొరను తాకింది. సొరంగంలోకి నీరు చొరబడింది, పైన నేల కుంగింది. పాత ఇళ్ళు కొన్ని కూలాయి, వందలాదిమంది కట్టుబట్టలతో వీధిన పడ్డారు. 2022లో మళ్ళీ పగుళ్ళు కనిపించాయి.

2024 మార్చిలో హౌరా మైదాన్, ఎస్ప్లనేడ్ మధ్య నది కింద రైళ్ళు ప్రారంభమయ్యాయి. ఎస్ప్లనేడ్ నుండి శియాల్దా వరకు, అనగా బౌబజార్ అడుగుగా సాగే భాగం, 2025 ఆగస్టు 22న తెరుచుకొంది. ఆ వీధి కుంగిన రోజుకు ఆరేళ్ళు నిండడానికి అప్పటికి తొమ్మిది రోజులు తక్కువ.