కాగితం మీద పుట్టిన బండి



పోయిన నెల మన సభ్యులొకరు ఫోన్ చేశారు. వారబ్బాయికి ఇంగ్లండులో ఉద్యోగం. అమెరికా నుంచి 1965 నాటి పాంటియాక్ జి.టి.ఓ. కారు తెప్పించుకుంటానని పట్టుబట్టాడట. పెద్ద జీతం కాదు, నాలుగేళ్ళు కూడబెట్టిన డబ్బు. "మీరు పార్సెల్ ఆఫీసులో చేసినవారు కదన్నా, కంటితో చూడని సరుకు కొనేముందు ఏం చూసుకోవాలో వాడికో మాట చెప్పండి" అన్నారు.

మాకు కార్ల గురించి ఏం తెలుసు? స్కూటరు దాటి సొంతంగా కొన్నది లేదు. కానీ ఆ పేరు పట్టుకుని చదువుతూ పోతే, ఆ బండి పుట్టుకంతా ఒక కాగితం కథ అని తేలింది. కాగితం కథ దొరికితే గుమాస్తా వదులుతాడా! బడిలో తమిళం చదువుకున్నవాళ్ళం, తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకోండి.

1963 మొదట్లో జనరల్ మోటార్స్ కంపెనీ తన విభాగాలేవీ కారు రేసుల జోలికి పోకూడదని కట్టడి చేసింది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని ఇంకో నియమం కూడా ఉండేది. ఆ కంపెనీలో ఒక విభాగం పాంటియాక్. రేసుల్లో గెలిచిన పేరు మీదే దాని కార్లు అమ్ముడుపోయేవి. అక్కడి చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన మనుషులు కలిసి పెద్ద కార్లకు వాడే 389 ఘనపు అంగుళాల ఇంజనును లెమాన్స్ అనే మధ్యరకం కారులో దించారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ళ ఆమోదం కావాలి. అందుకని మోడల్ అనలేదు. లెమాన్స్ కొనేవాళ్ళు 300 డాలర్ల లోపు అదనంగా కట్టి తీసుకునే "ఆప్షన్" అని రాశారు, అంతే!

ఈ విద్య మాకు కొత్త కాదు. కొత్త షెడ్డుకు మంజూరు రాకపోతే పాత షెడ్డుకు "మరమ్మతు" అని ఫైలు నడిపిన కథలు మా సర్వీసులోనూ విన్నాం. ఎక్కడా అని అడగకండి.

ఐదువేలు అమ్మితే చాలనుకున్నారు. 1964 మోడల్ ఏడాదిలో 32,450 పోయాయి. కొన్నది ధనవంతులు కాదు, ఎక్కువమంది చేతిలో కాస్త జీతం ఆడుతున్న కుర్రకారు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 1968లో ప్లిమత్ వాళ్ళ రోడ్ రన్నర్ మూడు వేల డాలర్ల లోపే వచ్చింది. తర్వాత ఇన్సూరెన్సు వాళ్ళు ఇలాంటి బండ్లకు ప్రీమియం పెంచారు, పొగ చట్టాలు వచ్చాయి, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు నూనె ఆపాయి. 1974తో జి.టి.ఓ. కూడా ఆగిపోయింది. పెట్రోలు తాగే ఆ బండ్లను అప్పట్లో జనం వచ్చినకాడికి వదిలించుకున్నారు. ఆ కుర్రకారే పెద్దవాళ్ళై, చేతిలో డబ్బు ఆడాక, మళ్ళీ వెతికి కొనడం మొదలుపెట్టారు. ధర ఎక్కడికో పోయింది.

అసలు చిక్కు ఇక్కడుంది. 1964, 65 బండ్లలో జి.టి.ఓ. అనేది ఆప్షన్ మాత్రమే కాబట్టి, బండి మీద కొట్టిన నంబరులో ఆ సంగతి ఉండదు. లెమాన్స్ అనే ఉంటుంది. 1966లో అది వేరే మోడల్ అయింది, ఆ ఏటి బండ్ల నంబరు 242తో మొదలవుతుంది. అంటే అంతకుముందటి లెమాన్స్‌కు ఎవడైనా ముందు గ్రిల్లు, పేరు బిళ్ళలు, పెద్ద ఇంజను తగిలించి జి.టి.ఓ. అని అమ్మవచ్చు. నంబరు చూస్తే అబద్ధం తెలియదు. ఆనాడు పైవాళ్ళ కళ్ళుగప్పిన రాతే ఈనాడు కొనేవాడి కళ్ళుగప్పుతోంది.

మేం అబ్బాయితో ఒకటే చెప్పాం: "నాయనా, ఫోటోలు తర్వాత. మొదట కాగితం తెప్పించు." అమెరికాలో పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అని ఉంది. నంబరు పంపి రుసుము కడితే, ఆ బండి ఫ్యాక్టరీ నుంచి ఏ ఆప్షన్లతో వెళ్ళిందో పాత రికార్డు నకలు ఇస్తారు. మన ఆర్.ఆర్. ఆఫీసు కాపీ లాంటిదనుకోండి. నకలు వచ్చింది. బండి మామూలు లెమాన్స్. ఇంజను తర్వాత ఎవరో మార్చినది.

అబ్బాయి రెండు రోజులు ఫోన్ తీయలేదు. ఆ తర్వాత "ఇంజను బాగుంది కదా తాతా, ధర తగ్గిస్తే తీసుకోనా?" అన్నాడు. అక్కడా కాగితమే అడ్డం. ఇంగ్లండులో 30 ఏళ్ళు దాటిన బండి, తయారీ ఆగిపోయిన మోడల్, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే దిగుమతి సుంకం లేదు, వ్యాట్ 5 శాతమే. ఇంజను మార్చిన బండికి ఆ రాయితీ నిలుస్తుందన్న భరోసా లేదు. పోతే 10 శాతం సుంకం, పైన 20 శాతం వ్యాట్. ఓడ కిరాయి కలిపిన విలువ మీద సుంకం, ఆ మొత్తం మీద మళ్ళీ వ్యాట్. నాలుగేళ్ళ పొదుపులో ఎంత మిగులుతుందో వాడినే లెక్క వేయమన్నాం.

ఇప్పుడు వాడు చూస్తున్నది పుట్టినప్పటి 326 ఇంజనుతోనే ఉన్న ఒక లెమాన్స్. పేరు లేదు, అందుకే ధర అందుబాటులో ఉంది. ఇంకో మూడు బండ్లతో కలిసి ఒకే కంటైనరులో వస్తే కిరాయీ పంచుకోవచ్చట. టైటిల్ కాగితం నకలు మాకూ పంపాడు. అందులో నంబరు, బండి మీది నంబరు అక్షరం అక్షరం సరిచూసి, నిన్న రాత్రి జవాబు పెట్టాం.