మరవ నుంచి గేటు దాకా

ఉగాది దాటితే జమ్మలమడుగు పక్కన మైలవరం జలాశయం అంచులు వెనక్కి జరగడం మొదలవుతుంది. మొన్నటిదాకా నీళ్లున్న చోట నెర్రెలు విచ్చిన ఒండ్రు బయటపడుతుంది. ఆయకట్టు రైతు దాన్ని చూసి నిట్టూరుస్తాడు, చేపలు పట్టేవాడు వల భుజాన వేసుకుంటాడు. మళ్లీ నవంబరు వచ్చి, అదే జలాశయం అంచుల దాకా నిండి, పైన తుపాను మబ్బు పట్టిందంటే కింద పెన్నా ఒడ్డున ప్రొద్దుటూరు దాకా ఎవరికీ కంటిమీద కునుకు ఉండదు. చేపల వేటనూ వరదనూ శాసించేది ఒక్కటే: జలాశయంలో నీళ్లు ఎన్ని అడుగుల దగ్గర నిలిచాయన్న లెక్క. ఆ లెక్క మీద పెత్తనం ఎవరిదన్న సంగతి మాత్రం ఈ జిల్లాలో కాలం కొద్దీ మారుతూ వచ్చింది.

కడప సీమలో నీటి నిల్వ గురించి దొరికే గొప్ప పాఠం పోరుమామిళ్ల చెరువు శాసనం. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు అనంతరాజ సాగరమనే ఆ చెరువును తవ్వించాడు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. శాసనం అంతటితో ఆగక మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ చెప్పింది. నేల తక్కువై నీళ్లు ఎక్కువ కావడం ఒక దోషం. నీళ్లు తక్కువై నేల ఎక్కువ కావడం ఇంకొకటి. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం కూడా దోషమేనట. కృష్ణా నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు పేచీ పడుతున్న రోజుల్లో ఈ మాట చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఆ కాలపు చెరువుకు తూము ఉంది, మరవ ఉంది. తూము తెరిచి పొలాలకు నీళ్లు వదలడానికి నీరుగంటి ఉన్నాడు. మరవకు మాత్రం కాపలా అక్కర్లేదు. రాళ్లు పేర్చిన ఎత్తు దాటగానే నీళ్లు వాటంతట అవే పొర్లి కింది చెరువుకు పోతాయి. ఎంత మట్టం దగ్గర నీళ్లు వదలాలన్న తీర్పు కట్టినరోజే రాతిలో పడిపోయింది. దాన్ని మార్చడానికి ఫోనులూ లేవు, ఉత్తర్వులూ లేవు. మరవ పారిన రోజు ఊరికి పండగ. కొత్త నీటి వాసన పట్టి చేపలు ఎదురెక్కుతుంటే పిల్లలు పంచెలు, బుట్టలు పట్టుకుని దిగేవారు. కట్టను చూసుకునే బాధ్యతకు బదులుగా పన్ను లేని మాన్యం ఇచ్చే దశబంధం పద్ధతి ఈ సీమలో విరివిగా ఉండేది. కట్ట తెగితే నష్టపోయేది మాన్యం తింటున్నవాడే కనుక కట్ట మీద అతని కన్ను ఉండేది.

ఇంగ్లీషువారి కాలంలో ఈ లెక్క కాలువల చేతికి పోయింది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వింది. పడవలు కూడా నడిపి డబ్బు సంపాదించాలన్నది కంపెనీ ఆశ. ఆశ నెరవేరలేదు, 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసింది. ఆ నష్టం సంగతి ఎలా ఉన్నా ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పొలాలకు వేరే నది నీళ్లు రావడం మాత్రం అప్పుడే మొదలైంది.

తరువాత తుంగభద్ర ఎగువ కాలువ వచ్చింది, దాని రెండో దశలో మైలవరం వచ్చింది. పెన్నాకు అడ్డంగా కట్టిన దాదాపు 10 టీఎంసీల జలాశయమది. పులివెందుల వైపు పార్నపల్లె దగ్గర చిత్రావతి మీద మరో 10 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరు కట్టారు. వీటికి మరవలు కాదు, గేట్లున్నాయి. గేటు తనంతట తాను లేవదు. ఎవరో లెక్క వేయాలి, ఎవరో ఆర్డరు వేయాలి, ఎవరో మీట నొక్కాలి. చెరువుకూ డ్యాముకూ అసలు తేడా పరిమాణంలో లేదు, ఇక్కడ ఉంది.

చేపలకూ ఈ తేడా తెలిసివచ్చింది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు లాంటి మన చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలపు కొత్త నీటికి ఎదురెక్కి, వరద పరుచుకున్న పల్లపు నేలల్లో పెడతాయి. డ్యాము అడ్డం వచ్చాక ఆ దారి మూతపడింది. ఆ చిక్కుముడి కొంత విడింది 1957 జూలై 10న, ఒడిశాలో. హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి చేపల చేత గుడ్లు పెట్టించాడు. అప్పటి నుంచి వరద రాకపోయినా హేచరీలో చేపపిల్లలు తయారవుతున్నాయి. జలాశయాల్లో వదలడానికి 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లల్ని ఎంచుతారు. గేట్లు ఎత్తే రోజులు ముగిశాకే వదలాలి, లేకపోతే ప్రభుత్వ సొమ్ము స్పిల్‌వే మీదుగా కింది ఊరివాళ్ల వలల్లోకి పోతుంది. 1952లో దేశానికి తెచ్చిన తిలాపియా, మన జిలేబీ చేప, ఈ ఏర్పాట్లేవీ అడగదు. గట్టు పక్క లోతులేని నీటిలో గుంట చేసుకుని గుడ్లు పెట్టేస్తుంది. మట్టం ఉన్నట్టుండి పడిపోతే ఆ గుంటలే ఎండిపోతాయి.

అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థకు దీనికొక పద్ధతుంది. వసంతంలో నీటి వేడి 18 డిగ్రీల సెల్సియస్ దాటగానే ఉపనది జలాశయాల్లో దాదాపు రెండు వారాల పాటు మట్టాన్ని ఎక్కువగా మారనివ్వరు. గట్టు పక్క గుడ్లు పెట్టే చేపల కోసమే ఆ సెలవు. మన దగ్గర చైత్ర వైశాఖాల్లో అలాంటి సెలవు ఊహించడం కష్టం. మైలవరం నీళ్లు తాగునీటికి ప్రొద్దుటూరుకు పోవాలి, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి పోవాలి. గండికోట జలాశయం నుంచి పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు ఎత్తిపోసి లింగాల, సింహాద్రిపురం వైపు అరటి, చీనీ తోటల్ని కాపాడాలి. మట్టం దిగే కొద్దీ చేపలు ఉన్న నీటిలోనే కిక్కిరిసి వలకు సులువుగా దొరుకుతాయి, దొరికిన కొద్దీ ధర పడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో వేట నిషేధం ఉంటుంది కనుక వలల మీద బతికేవాళ్లకు ఈ రెండు మూడు నెలలే గడువు.

ఇక అడుగుల రాజకీయం. గండికోటకు కృష్ణా నీరు రావాలంటే శ్రీశైలం నిండాలి. శ్రీశైలంలో కనీస మట్టం 834 అడుగులని 1996లో 69వ నంబరు జీవో చెప్పింది, 2004లో 107వ నంబరు జీవో దాన్ని 854 చేసింది. శ్రీశైలం నుంచి సీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు పారేది ఆ మట్టం మీద ఆధారపడే కనుక ఈ ఇరవై అడుగుల కోసం సీమలో జరిగిన సభలు, ధర్నాలు చాలానే. పొలం సర్వే నంబరు గుర్తులేనివాళ్లకు కూడా ఇక్కడ 854 గుర్తుంటుంది. శ్రీశైలం నిండాక నీళ్లు పోతిరెడ్డిపాడు, బనకచర్ల, గోరకల్లు, అవుకు దాటి గండికోట చేరతాయి. అక్కడి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 12 టీఎంసీల దగ్గర ఆగిన నిల్వను 2020లో పెంచుతుంటే కొండాపురం మండలం తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి వెనుక జలాలు వచ్చాయి. పరిహారం తేలకముందే నీళ్లు తేలాయని జనం రోడ్డెక్కారు. పార్నపల్లెలోనూ ఎగువన తాడిమర్రి మండలపు ముంపు ఊళ్ల సంగతి తేలాకే 10 టీఎంసీలూ నింపగలిగారు.

ఇలా నింపుకోవడంలో ఎవరూ పెద్దగా మాట్లాడని ఇబ్బంది ఒకటుంది. కృష్ణా వరద ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వస్తుంది. పెన్నా, చిత్రావతి, పాపాఘ్నిల సొంత వరద ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. అంటే చుట్టపు నీళ్లతో ఇల్లు నిండిపోయాక ఇంటి నీళ్లు గుమ్మం ముందు నిలబడతాయి. నిండిన జలాశయాన్ని ఖాళీ చేయాలంటే చెయ్యి రాదు, కరువు చూసిన సీమ కదా. 2009 అక్టోబరులో శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాకా పోయి కర్నూలు మునిగింది. అప్పటికే జలాశయం నిండుగా ఉండటమే దానికి కారణమన్న వాదన ఇంకా చల్లారలేదు.

2021 నవంబరు 19న కడప జిల్లా వంతు వచ్చింది. ఎగువనున్న పింఛా కట్ట తెగింది, ఆ నీళ్లు తోడై చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఐదు గేట్లలో ఒకటి ముందు నుంచే పనిచేయడం లేదు. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట లాంటి ఊళ్లలో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అదే రోజు చిత్రావతిలో, అప్పటి అనంతపురం జిల్లా వెల్దుర్తి దగ్గర చిక్కుకున్న 10 మందిని హెలికాప్టరుతో పైకి లాగారు. మరో రెండు రోజుల్లో వెలిగల్లు ప్రాజెక్టు నుంచి వదిలిన నీటితో పాపాఘ్ని ఉప్పొంగి కమలాపురం వంతెన కూలింది. ఆ వరదలోనే జమ్మలమడుగు–ముద్దనూరు దారిలో పెన్నా వంతెన కుంగింది. గేటు ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపటి ముందు కింది ఊళ్లకు చెప్పాలి అన్న రెండు ప్రశ్నలే ఆ రోజుల్లో ప్రాణాలకూ శవాలకూ మధ్య నిలిచాయి.

ఏటా సాగునీరు ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో మాట్లాడుకుంటారు. అజెండాలో ఆయకట్టు ఎకరాలుంటాయి, తాగునీళ్లుంటాయి. దానికి రెండు వరుసలు చేర్చండి. అక్టోబరు 15 నాటికి మైలవరం, గండికోట, పార్నపల్లెలలో వరద కోసం ఎన్ని అడుగులు ఖాళీగా ఉంచుతారో ఒక వరుసలో రాయండి. రెండో వరుసలో మార్చి నుంచి మే దాకా వారం వారం మట్టం ఎంత దిగుతుందో ముందే చూపి, ఆ కాగితం మత్స్యకారుల సంఘాలకు కూడా పంపండి.