పెంబ్రోక్ వెల్ష్ కోర్గీ

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతానికి చెందిన పొట్టి పశుకాపరి కుక్క జాతి. పెంబ్రోక్‌షైర్ రైతులు ఆవుల మందలను తోలడానికి దీన్ని పెంచారు. పశువుల మడమలను మునిపళ్లతో నొక్కి వాటిని కదిలిస్తుంది; పొట్టిదనం వల్ల తాపులు తగలకుండా తప్పించుకుంటుంది.

లక్షణాలు: భుజం వద్ద ఎత్తు 25–30 సెం.మీ., బరువు సుమారు 9–12 కిలోలు. నిక్కిన చెవులు, పొడవాటి నడుము, రెండు పొరల బొచ్చు ఉంటాయి.

చరిత్ర: 1934లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ దీన్ని కార్డిగన్ కోర్గీ నుంచి వేరు జాతిగా గుర్తించింది. తర్వాతి కాలంలో రాణి అయిన రెండవ ఎలిజబెత్‌కు 18వ పుట్టినరోజున, 1944లో, బహుమతిగా అందిన సూసన్ అనే కోర్గీ సంతతి దశాబ్దాలపాటు రాజప్రాసాదంలో పెరిగింది.

పెంపకం: ఇది తెలివైనది, చురుకైనది, మొరుగుడు ఎక్కువ. పిల్లల మడమలు పట్టే అలవాటును కూనగా ఉన్నప్పుడే మాన్పించాలి. ఒళ్లు చేస్తే వెన్నుపై భారం పడుతుంది కనుక మితంగా తిండి పెట్టి, రోజూ నడిపించాలి.