విరిగిన కాలికి పుత్తూరు, విరగకూడని కాలికి బైండింగ్

రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలు దారిలో పుత్తూరు ఒక స్టేషన్. మద్రాసు రైల్వే ఈ దారిని 1862లో రేణిగుంట దాకా తెచ్చింది. అప్పట్లో ఈ సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీ కింద ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది, 2022లో తిరుపతి జిల్లాకు మారింది. జిల్లాలు మారినా ఊరి పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది మాత్రం మారలేదు. పిల్లాడు చెట్టు మీంచి పడినా, ముసలాయన గట్టు దిగుతూ జారినా పెద్దవాళ్లు అనే మాట ఒకటే: "పుత్తూరుకు తీసుకుపోండి."

ఆ పేరు తెచ్చింది పట్టణం పక్కనే ఉన్న రాచపాళెం రాజుల కుటుంబం. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, 1881 ప్రాంతంలో, సూరపరాజు కేశవరాజు ఈ వైద్యం మొదలుపెట్టారని చెబుతారు. వేటలో కొట్టిన కుందేలును అడవి ఆకుల్లో చుట్టి తెస్తే, ఇంటికొచ్చేసరికి దాని ఎముకలు అతుక్కుని ఉన్నాయని కథ. ఆ ఆకులేమిటో కుటుంబం బయటపెట్టదు. కథను నమ్మినా నమ్మకపోయినా, తరతరాలుగా చేతి నుంచి చేతికి వచ్చిన నేర్పు మాత్రం నిజం. చెన్నై వీధుల్లో తమిళంలో రాసిన పుత్తూరు కట్టు బోర్డులు ఇప్పటికీ కనిపిస్తాయి.

కట్టే తీరు చూడ్డానికి సులువుగా ఉంటుంది. విరిగినచోట వేళ్లతో తడిమి, ఎముక ఎటు జరిగిందో తెలుసుకుంటారు. లాగి, ఒత్తి, సరిచేస్తారు. ఆకు ముద్ద పట్టించి, కోడిగుడ్డు తెల్లసొనలో తడిపిన గుడ్డ చుట్టి, పైన వెదురు బద్దలు పెట్టి బిగిస్తారు. తెల్లసొన ఆరితే గుడ్డ గట్టిపడుతుంది. వాపు తగ్గేకొద్దీ కట్టు విప్పి మళ్లీ కడతారు.

అసలు పని చేసేది ఎముకే. వరసగా నిలబెట్టి కదలకుండా ఉంచితే చాలు, అది తనంతట తానే అతుక్కుంటుంది. వైద్యుడి విద్యంతా ఆ నిలబెట్టడంలో, ఆ బిగువులో ఉంది. బిగువు చాలకపోతే ఎముక వంకరగా అతుకుతుంది. ఎక్కువైతే రక్తం ఆడక వేళ్లు నల్లబడతాయి, ఆలస్యం చేస్తే కాలే తీసేయాల్సి వస్తుంది. చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చినా, కీలు పగిలినా, పెద్దవాళ్లకు తుంటి విరిగినా కట్టుతో అయ్యే పని కాదు, ఆపరేషన్ కావాలి. ఇలా చెప్పడం నాటు వైద్యాన్ని చిన్నబుచ్చడం కాదు. ఇంగ్లండులో ఆధునిక ఎముకల వైద్యానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన హ్యూ ఓవెన్ థామస్ ఇలా కట్లు కట్టే వంశంలోనే పుట్టాడు. ఆయన తయారుచేసిన తొడ బద్ద మొదటి ప్రపంచ యుద్ధంలో వేలమంది సైనికుల ప్రాణం నిలిపింది.

ఇది విరిగాక కట్టే కట్టు. పలకలు తొడిగి మంచు మీద జారే స్కీ ఆటలో కాలిని పట్టి ఉంచే కట్టు ఇంకొకటి ఉంది, దాని కథకూ అదే ఏడుతో ముడి ఉంది. కేశవరాజు వైద్యం మొదలైందని చెప్పే 1881లోనే మద్రాసు సైన్యానికి అధిపతిగా ఫ్రెడరిక్ రాబర్ట్స్ వచ్చాడు. అంతకు ఏడాది ముందు కాందహార్ యుద్ధం గెలిచి పేరు తెచ్చుకున్న జనరల్. 1911లో స్విట్జర్లాండులోని మొంటానాలో జరిగిన స్కీ పందేనికి ఆయన పేరు మీద కప్పు పెట్టారు. దాంతో కాందహార్ అన్న ఎడారి ఊరి పేరు మంచుకొండల్లో స్థిరపడింది. 1930ల నాటికి స్విస్ ఇంజనీరు గీడో రోజ్ ఉక్కు తీగతో మడమను స్కీకి బిగించే బైండింగ్ తయారుచేస్తే, దానికీ కాందహార్ పేరే పెట్టారు.

బైండింగ్ అంటే బూటును స్కీకి పట్టి ఉంచే అమరిక. మొదట్లో నార్వేవాళ్లు చెట్ల వేళ్లు మెలిపెట్టి మడమ చుట్టూ కట్టుకునేవారు. తోలుపట్టీలు, ఇనప పట్లు కూడా వాడారు. కాందహార్ తీగతో మడమ కదలకుండా కూర్చుంది కాబట్టి నిటారు వాలులో కూడా స్కీ చెప్పినమాట వినేది. కానీ కాళ్లు విరగసాగాయి. స్కీ కొస మంచులో ఇరుక్కుని మెలితిరిగితే ఆ పొడవాటి పలక తిప్పే బలమంతా పిక్కలోని ఎముక మీద పడుతుంది. బైండింగ్ వదలదు, విరిగేది ఎముకే.

దీనికి దారి చూపినవాడు కూడా కాలు విరిగినవాడే. నార్వేలో పుట్టి అమెరికాలోని ఒరెగాన్‌లో స్థిరపడిన యాల్మార్ వామ్ 1937లో మౌంట్ హుడ్ మీద కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రి మంచం మీదే, మెలిపడగానే బూటు కొనను వదిలేసే బైండింగ్ ఆలోచన వచ్చింది. 1939లో దాన్ని అమ్మకానికి తెచ్చాడు. 1950లలో ఫ్రాన్సులో జ్యాఁ బేయ్, జర్మనీలో హానెస్ మార్కర్ ఈ ఆలోచనను ఇంకా మెరుగుపరిచారు.

ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఏ కొత్త పరికరమూ కాదు, ఒక లెక్కల పుస్తకం. 1972 నుంచి అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న షుగర్‌బుష్ కొండ దగ్గర జాన్సన్, ఎట్లింగర్, షీలీ అనే ముగ్గురు పరిశోధకులు దెబ్బ తగిలి వచ్చిన ప్రతి మనిషినీ నమోదు చేశారు. ఏ బైండింగ్, ఎంత బిగువు, ఎలా పడ్డాడు, ఏది విరిగింది అన్నీ రాశారు. ఇరవై ఏళ్లలో పిక్క ఎముక విరగడం బాగా తగ్గిపోయింది. మోకాలి లోపలి ఏసీఎల్ అనే స్నాయువు తెగడం మాత్రం పెరిగింది. వెనక్కి పడేటప్పుడు మోకాలికి పట్టే మెలికను బైండింగ్ పసిగట్టలేదని ఆ లెక్కలే చెప్పాయి.

డిసెంబరు సెలవుల్లో డెన్వర్, సియాటిల్ వైపు మంచుకొండలకు పోయే తెలుగు కుటుంబాలకు ఈ చరిత్ర పనికొస్తుంది. బిగువుకు డిన్ నంబరు అని ఒక కొలత ఉంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే ధోరణి చూసి దుకాణంలో నిర్ణయిస్తారు. చదును చేసిన దారిలోనూ, మెత్తటి మంచులోనూ తిరిగే ఆల్ మౌంటెన్ స్కీకి మనిషి నంబరు మధ్యలో పడే బైండింగ్ మంచిది. ఏడు నంబరు మనిషికి నాలుగు నుంచి పదమూడు దాకా కొలత ఉన్నది చక్కగా సరిపోతుంది. ఎగిరి దూకే ఫ్రీస్టైల్ వాళ్లకు దిగగానే బూటు ఊడకూడదు. అందుకని కొందరు నంబరు పెంచేస్తారు, అది కాలితో పందెం కాయడమే. బూటు కాస్త జరిగినా వదలకుండా తిరిగి తన చోటికి లాక్కునే సాగుడు ఎక్కువున్న బైండింగ్ తీసుకోవడమే సరైన పని. బ్రేకు వెడల్పు స్కీ నడుముకన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. బూటు అడుగు రకం, బైండింగ్ రకం కలవకపోతే ఎంత ఖరీదైనదైనా సమయానికి వదలదు. బరువు తగ్గించి చెప్పడం, వచ్చిన ఆటను ఎక్కువ చేసి చెప్పడం రెండూ ప్రమాదమే.

షుగర్‌బుష్‌లో జరిగిన ఆ రాత పని రాచపాళెంలోనూ జరగాలి. 2011లో ఒక ఆయుర్వేద పత్రిక పుత్తూరు కట్టు మీద పరిశోధన వ్యాసం వేసింది. ఒక వ్యాసంతో తీరేది కాదు. ఏ ఎముక ఎన్ని వారాలకు అతికింది, ఎక్కడ వంకరపోయింది, ఎవరిని ఆసుపత్రికి పంపాల్సి వచ్చింది అన్నది ఎక్స్‌రేలతో సహా ఏళ్లతరబడి రాసిపెట్టాలి. గంట ప్రయాణంలో తిరుపతిలో ఎముకల వైద్యానికే దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్లు, ఇక్కడి రాజుల కుటుంబం ఒకచోట కూర్చుని ఆ పుస్తకం తెరవాలి. అది తెరిచేదాకా, కట్టుకు పోయేవాళ్లు ముందు ఎక్స్‌రే తీయించుకుని పోవాలి, వేళ్లు చల్లబడినా తిమ్మిరెక్కినా ఆలస్యం చేయకుండా కట్టు విప్పించి ఆసుపత్రికి చేరాలి.