తక్షకుని తొలి పనిముట్లు

రేణిగుంటనుండి శ్రీకాళహస్తి మార్గంలో ఈశాన్యంగా సాగితే ఏర్పేడు వస్తుంది. ఆ మండలంలోనిదే మాధవమాల గ్రామం. వేప, టేకు, రక్తచందనం వంటి దారువులలో దేవతామూర్తులను మలచే శిల్పులకు అది నిలయం. రేణిగుంటకు ఆవలివైపున శేషాచలశ్రేణి, కరకంబాడి, మామండూరు అరణ్యాలు ఉన్నాయి. రక్తచందనం సహజంగా పెరిగే స్వల్పప్రదేశాలలో ఇది ముఖ్యమైనది. ఒకవైపు వృక్షం, మరొకవైపు దానిని మూర్తిగా మార్చే హస్తం. ఈ రెండింటి నడుమ నిలిచేది పనిముట్టు. దారుశిల్పం అభ్యసించగోరే బాలునికి మొదట ఏ పనిముట్టు ఇవ్వాలన్న ప్రశ్న చిన్నదిగా తోస్తుంది గానీ, దాని వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది.

ఋగ్వేదం అష్టమమండలంలోని ఇరవైతొమ్మిదవ సూక్తం దేవతలను పేరుపెట్టి పిలవదు. లక్షణాలతో మాత్రమే సూచిస్తుంది. వారిలో ఒకరు లోహపు వాశిని చేత ధరించినవాడు. అతడు త్వష్ట అని వ్యాఖ్యాతలు నిర్ణయించారు. పేరు చెప్పకున్నా పనిముట్టును చూసి దేవతను గుర్తించవచ్చునన్నమాట! వాశి అంటే మన వడ్రంగులు వాడే బాడిస వంటిది. గొడ్డలివలె వృక్షాన్ని పడగొట్టదు, ఉలివలె సూక్ష్మరేఖ తీయదు. దుంగలోని అనవసరభాగాన్ని పేళ్లు పేళ్లుగా తొలగించి లోపలి ఆకృతికి చోటు చేస్తుంది. మయమతం శిల్పులను స్థపతి, సూత్రగ్రాహి, తక్షకుడు, వర్ధకి అని నాలుగు విధాలుగా విభజించింది. స్థూలసూక్ష్మాలను చెక్కేవాడు తక్షకుడని అక్కడి నిర్వచనం. ముందు స్థూలం, తరువాత సూక్ష్మం. నేటి అభ్యాసకులలో అనేకులు ఈ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నారు. పది రకాల సన్నని ఉలులు పెట్టెలో అమర్చుకొని, మొండెం ఆకారమే కుదరని మూర్తికి కనుబొమలు దిద్దడానికి పూనుకుంటారు.

అమరకోశం శూద్రవర్గంలో మరొక విశేషం ఉంది. కర్రను ఛేదించే ఉలికి వృక్షాదనం, వృక్షభేది అని పేర్లు. శిలను ఛేదించేదానికి టంకమని వేరొక పేరు. రంపానికి క్రకచం, కరపత్రం అని. ఒకదాని పని మరొకదానితో సాగదని చెప్పడానికి కోశకారునికి పేర్లే చాలాయి. రాతి ఉలి మొన రాతిని నలిపి, పగులగొట్టి పొడిగా రాలుస్తుంది. కర్రకు నారలు ఉంటాయి. వాటిని నలిపితే చిట్లిపోతాయే గానీ తెగవు. కనుక దారుశిల్పి ఉలికి మొన కాదు, పలుచని అంచు ముఖ్యం. మృదువైన దారువుకు ఆ అంచు ఇంచుమించు 20 నుండి 25 డిగ్రీల కోణంలోను, కఠినదారువుకు 30 డిగ్రీల దాపులోను ఉండాలి. అంతకన్న పలుచనైతే రక్తచందనం వంటి కర్రపై అంచు విరిగిపోతుంది. మందమైతే మెత్తని కర్ర నలుగుతుంది.

ఆరంభకునికి నిజంగా కావలసినవి చాలా తక్కువ. చేతికి బరువు కాని చిన్న బాడిస, ఒక చేతిరంపం. ముప్పావు అంగుళం వెడల్పున ఒకటి, పావు అంగుళం వెడల్పున ఒకటి చొప్పున రెండు తిన్నని ఉలులు. వస్త్రపు మడతలకు, చెక్కిళ్ల గుంటలకు గుండ్రని అంచుగల ఉలి ఒకటి. కొట్టడానికి కొయ్యసుత్తి. ఇనుపసుత్తితో కొడితే ఉలిపిడి చీలుతుంది, దెబ్బ బలం కూడా చేతికి తెలియదు. వీటన్నిటికన్న ముందుగా కొనవలసినది సానరాయి. విచిత్రమేమంటే కొత్తవారు చివరగా కొనేది అదే. పదునులేని ఉలి ప్రమాదరహితమని తల్లిదండ్రులు భావిస్తారు, అది పొరపాటు. మొద్దుబారిన ఉలిని బలంగా నెట్టవలసివస్తుంది, నెట్టినది జారుతుంది, జారినది ఎడమచేతిని చేరుతుంది. ఎడమచేయి ఎన్నడూ అంచుకు ఎదురుగా ఉండరాదన్నది అభ్యాసంలో తొలినియమం. విజయదశమినాడు ఉలికి కుంకుమ పెట్టి, మరునాడు తుప్పుతో పక్కన పడవేసేవాడు చేసినది ఆయుధపూజ అనిపించుకోదు.

పనిముట్టు పదును ఎంత అవసరమో, దానిని పట్టినవాని సంకోచమూ అంతే అవసరమని వైదికకర్మ బోధిస్తుంది. యజ్ఞంలో యూపం కొరకు పలాశమో, ఖదిరమో, బిల్వమో ఛేదించేటప్పుడు అధ్వర్యుడు చెట్టుకు, గొడ్డలికి మధ్య దర్భను ఉంచుతాడు. దర్భను రక్షించమని, గొడ్డలిని హింసించవద్దని ప్రార్థిస్తాడు. ఛేదించబోయే ఆయుధాన్నే హింసించవద్దని వేడుకోవడం! ఛేదించిన పిమ్మట మోడుపై ఆజ్యాహుతి చేసి, నూరు కొమ్మలతో మళ్లీ చిగురించమని కోరుతాడు. యూపాన్ని చెక్కగా రాలిన పేడు కూడా స్వరువు అనే పేరుతో కర్మలో స్థానం పొందుతుంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో ప్రతిమార్థం వనప్రవేశాన్ని ప్రత్యేకాధ్యాయంగా విస్తరించాడు. ముందురాత్రి పూజాబలులు సమర్పించి, ఆ వృక్షాన్ని ఆశ్రయించిన భూతాలను వేరొకచోటికి తరలమని ప్రార్థించాలి. ఉదయం చెట్టుకు నీరుపోసి, తేనె, నెయ్యి పూసిన గొడ్డలితో ఈశాన్యదిశనుండి ఛేదించాలి. శ్మశానంలోనివి, పుట్టపై మొలిచినవి, పిడుగు పడినవి, తేనెటీగలు నివసించేవి వర్జ్యాలు. పూరీలో నవకళేబర సమయాన సువర్ణ, రజత, లోహ పరశువులను క్రమంగా వృక్షానికి తాకించే ఆచారం 2015 నాటి ఉత్సవంలోనూ కనిపించింది.

ఈ సంకోచానికి నేడు ప్రభుత్వశాసనం కూడా తోడైంది. రక్తచందనం 1995లో అంతర్జాతీయ వన్యజాతి వాణిజ్య ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరింది. అటవీశాఖ అనుమతి లేకుండా దానిని నరకడం, తరలించడం నేరం. దాని చేవ నీటిలో మునిగేంత సాంద్రమైనది. వివాహాలలో, బొమ్మలకొలువులో నిలిచే తిరుపతి ఎర్రచందనపు బొమ్మల నునుపు ఆ సాంద్రత ఫలమే. కొత్తవాని ఉలిని తిప్పికొట్టేదీ అదే. అక్కడ తప్పిపోయిన ఒక్క దెబ్బకు దశాబ్దాలుగా పెరిగిన చేవ వ్యర్థమవుతుంది.

మరి తొలికర్ర ఏది? కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి తేలికైనది, మెత్తనిది; కత్తికి సులువుగా లొంగుతుంది. దక్షిణ రాయలసీమలో సులభంగా దొరికేది వేప. పొణికికన్న గట్టిది గనుక ఉలి నారవెంట వెళుతున్నదో, ఎదురు వెళుతున్నదో చేతికి స్పష్టంగా చెబుతుంది. నారకు ఎదురుగా వెళితే కర్ర లేస్తుంది. అభ్యాసకుడు ఆగి, ముక్కను తిప్పి, రెండవవైపునుండి రావాలి. ఏ గ్రంథమూ నేర్పలేని విద్య ఇది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1960లో నెలకొల్పిన సంప్రదాయ శిల్పశిక్షణ సంస్థలో శిలా, లోహ, సుధాశిల్పాలతోపాటు దారుశిల్పమూ బోధ్యాంశమే.

ఆగమదృష్టిలో కూడా దారువు గౌణం కాదు. జీర్ణోద్ధరణకాలంలో మూలమూర్తి శక్తిని బాలాలయంలోని దారుబేరంలోకి ఆవాహన చేసే విధానం వైఖానసులకు సుపరిచితం. అటువంటి బేరాన్ని మలచే శిల్పి కూడా ఒకనాడు వేపముక్కపై పద్మదళమొకటి చెక్కబోయి పాడుచేసినవాడే. అతని చేతికి రక్తచందనపు తునక వచ్చేనాటికి తొలినాళ్లలో కొన్న సానరాయి నడుమ గుంటపడి ఉంటుంది.