బావిలో 11 మంది

1948 సెప్టెంబర్ 13. తెల్లవారుతోంది. ఆదోని, ఎమ్మిగనూరు అప్పుడు మద్రాసు రాష్ట్రం, బళ్లారి జిల్లా. ఆదోని మీదుగా రాయచూరు పోయే రైలు తుంగభద్ర దాటిందా, ఇక నిజాం రాజ్యమే. ఆ వేకువనే భారత సైన్యం సరిహద్దు దాటింది. తుంగభద్ర వంతెనను గూర్ఖాలు పట్టేశారు. ఐదో రోజు, సెప్టెంబర్ 17 సాయంత్రం, రేడియోలో నిజాం గొంతు పలికింది. యుద్ధం ఆగింది. జనం వీధుల్లోకి ఉరికారు. చావులు మాత్రం ఆగలేదు.

ఆ సంబరం ఊరికే రాలేదు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో నిజాం వైపు సాయుధులైన రజాకార్లు ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు. దానికి కొద్ది రోజుల ముందే, ఓ రాత్రి, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ఇంటికెళ్తున్నాడు. భారత్‌లో కలవాలని రాసిన ముస్లిం ఆయన. తుపాకీ పేలింది. రాసిన చెయ్యి తెగిపడింది. ఇప్పుడు రజాకార్లు ఓడారు. పగ ఎవరి మీద తీరింది? సామాన్య ముస్లింల మీద.

నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ చలికాలంలో ఊరూరూ తిరిగి, తాళాలు పడ్డ ఇళ్లనూ మగదిక్కు పోయిన ఆడవాళ్లనూ చూస్తూ, చివరికి శవాలు కుళ్లుతున్న ఓ బావి అంచున ఆగిపోయారు. లెక్కపెట్టారు. 11. అందులో ఒక తల్లి. రొమ్మును కరుచుకునే ఉన్న బిడ్డ. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది పోయారని నివేదికలో అంచనా కట్టారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువా దాటలేదు.

2022 సెప్టెంబర్ 17. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో అమిత్ షా జెండా ఎగరేశారు. విమోచన దినం. అదే రోజు పబ్లిక్ గార్డెన్స్‌లో కేసీఆర్ జెండా ఎగరేశారు. సమైక్యతా దినం. సమైక్యత అనే పిలవాలని అసదుద్దీన్ ఒవైసీ ఇద్దరికీ ముందే ఉత్తరాలు రాశారు. ఏటా ఇదే రోజు నది అవతల రాయచూరులో కల్యాణ కర్ణాటక ఉత్సవం. ఇన్ని పేర్లలో ఆ బావి ఎక్కడ?

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. ముస్లిం నేతగాళ్ల మీదికి గుంపులొస్తే హిందూ నేతగాళ్లే అడ్డం నిలిచారు. కొందరు ప్రాణాలే ఇచ్చారు. మాచాని సోమప్ప 1938లో నేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరుకు ఆ తెగువ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. సెప్టెంబర్ 17న బైరాన్‌పల్లి మృతులకు దండం పెట్టండి. షోయబుల్లాకు పెట్టండి. ఆ బావిలోని 11 మందికీ పెట్టండి. ఒకరిని తలుచుకోవడానికి ఇంకొకరిని మరిచిపోనక్కర్లేదు.